కరెంటు దెబ్బకు పంచాయితీ పరిష్కారం కాదు

(విజయవాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2022 జూన్ 30న, తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర పొలం పనికి పోతున్న ఆటో మీద కరెంటు తీగ తెగిపడి ఐదుగురు కూలీ మహిళలు కాలిపోయారు. ఉడత వల్ల తెగిందన్నారు అధికారులు. నవంబరు 2న బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో ట్రాక్టరు మీద తీగ పడి మరో నలుగురు పోయారు. అది సీమ, మనది డెల్టా అనుకోవద్దు. మన చేలమీదా తీగలు వేలాడుతున్నాయి. చెరువు గట్లమీద ఏరియేటర్ల వైర్లు తడి మట్టిలోనే పడుంటున్నాయి.

చనిపోతే పేపర్లో వస్తుంది, నాయకులు వస్తారు. బతికి చేయి పోగొట్టుకున్నవాడి గుమ్మం ఎవరూ తొక్కరు. నేను మాట్లాడదలచింది వాళ్ల గురించే.

కరెంటు గాయం పైకి చిన్న మచ్చలా ఉంటుంది. లోపల కండ, నరం కాలిపోయి ఉంటాయి. మూత్రం నల్లగా వచ్చిందంటే కిడ్నీలకు ముప్పు. చేయి తీసెయ్యాల్సిందేనని కొన్ని రోజులకు గానీ తేలకపోవచ్చు. కానీ మన ఊళ్లల్లో పెద్దమనుషులు మొదటి వారంలోనే కూర్చుంటారు. ఎంతో కొంత చేతిలో పెట్టి, ఇక అడగనని కాగితం రాయిస్తారు. పరిహారం హక్కు వదులుకున్నట్టు రాయించే కాగితం చట్టం ముందు చెల్లదు. వేలిముద్ర వేసినా చెల్లదు.

2025 వరకు ఆ చట్టం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. ట్రాక్టరుతోనో కరెంటు యంత్రంతోనో చేసే సేద్యంలో పనివాడు దాని కిందికి వచ్చేవాడు. ఆ చట్టం కింది లెక్క చూడండి. నలభై ఏళ్ల మనిషి, నెల జీతం 15,000. అందులో 60 శాతం 9,000. దాన్ని వయసుకు తగిన అంకె 184.17తో హెచ్చిస్తే 16,57,530. ఒక చేయి మణికట్టు దగ్గర పోతే నష్టం 60 శాతం, అంటే 9,94,518 రూపాయలు. నెలలో ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ ఉండేది. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖలో పరిహార కమిషనర్ దగ్గర కేసు వెయ్యాల్సి ఉండేది.

కంపెనీ తీగ తెగి గాయమైతే దారి వేరు. తెగిన తీగకు విద్యుత్ సంస్థదే బాధ్యత అని, వేరెవరో దొంగ కనెక్షన్ తగిలించారన్నా తప్పించుకోలేదని, మధ్యప్రదేశ్ బోర్డు కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. హర్యానాలో రెండు చేతులూ పోయిన పసివాడికి 60 లక్షల పరిహారాన్ని 2014లో నిలబెట్టింది కూడా ఆ కోర్టే. ఉడత మీద నెట్టేస్తే సరిపోదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన మాట. మోటారు మనది, వైరు మనది, పనిలో పెట్టింది మనమే అయినప్పుడు ఇచ్చుకోవలసింది కూడా మనమే. కౌలు రైతుకు అంత డబ్బెక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ప్రభుత్వం ప్రీమియం కట్టే బీమా కావాలని సంఘం పోరాడాలి. అంతేగాని ఆ లోటు కూలీవాడి తెగిన చేతిమీద వేయకూడదు. రైతు మన సభ్యుడైనా సంఘం కూలీ అర్జీ రాసిపెట్టాలి. ఇది కొందరికి చేదుగా ఉంటుందని నాకు తెలుసు.

ప్రమాదం జరిగిన రోజే తీగ, మోటారు ఫొటోలు తీయండి. పోలీసుకు ఫిర్యాదు ఇచ్చి, విద్యుత్ ఇన్‌స్పెక్టరు విచారణ అడగండి. ఆసుపత్రి చీటీలో ‘కరెంటు షాక్, పనిలో’ అని రాయించండి. సార్వా కోతల లోపు ప్రతి గ్రామ కమిటీ వాలిన స్తంభాలు, వేలాడే తీగలు లెక్కరాసి ఏఈకి ఇచ్చి, ముద్ర వేయించిన నకలు దాచుకోవాలి. రేపు కోర్టులో ‘మాకెవరూ చెప్పలేదు’ అనేవాళ్లకు ఆ నకలు చూపిద్దాం.