పెరటి చెట్టు - పొరుగువారి వాకిలి

(సంఘ సభ్యుల సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



పెరటి చెట్టు మందునకు పనికిరాదని మనవారి సామెత. చేతికందునంత దగ్గర నున్నదాని విలువ మనకు తెలియదని దాని భావము. నేడు ఈ చెన్నపురి శివారులలో పెరటి చెట్టు మందునకు మాట అటుంచి, అసలు ఉండుటకే పనికిరాదని తలచువారు పెరుగుచున్నారు. మేము ఈ సాయంత్రము విన్నవింపదలచినది ఒక్కటియే. చెట్టు చేయు చెత్త వేఱు, చెట్టు వలన కలుగు ప్రమాదము వేఱు. చెత్తకు చీపురు చాలును. ప్రమాదమునకే రంపము. మన ఇండ్లలో తరచుగా ఇది తలక్రిందులగుచున్నది. ఆకులు రాలినవని పచ్చని చెట్టును కొట్టించుచున్నారు. మొదలు పుచ్చిన చెట్టును మాత్రము చూచియు చూడనట్లు ఉపేక్షించుచున్నారు.

చెట్ల వలన బాధ లేదని మేము చెప్పము. వేప మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చును, చైత్రమున పూత రాల్చును, ఆషాఢము నాటికి పండ్లు రాల్చును. నేరేడు పండిన దినములలో గచ్చు మీదను, ఆరవేసిన బట్టల మీదను ఊదా మరకలు తప్పవు. బాదము చెట్టు వెడల్పాటి ఆకులు మిద్దె మీది నీటి తూములను మూసివేయును. తమిళనాట 2003లో ప్రతి భవనమునకును వాననీటి సేకరణ ఏర్పాటు నిర్బంధము చేయబడినది. ఆ గొట్టములలో ఆకులు చేరినచో నీరు గుంతలోనికి దిగక మిద్దె మీదనే నిలుచును. కావున ఆశ్వయుజ మాసపు వానలకు ముందే ఒకమారు మిద్దె నెక్కి తూములను శుభ్రము చేయవలెను. ఈ పనికి అరపూట చాలును.

మునగ సంగతి వేఱుగా చెప్పవలెను. ఒకరిని పొగడి మోసగించుటను మునగచెట్టు ఎక్కించుట యందుము. దాని కొమ్మ అంత పెళుసు. కాయలు దింపిన పిమ్మట పొడుగు కొమ్మలను కుదించి, చెట్టును చేతికందు ఎత్తున ఉంచినచో, ఎక్కవలసిన అవసరమే యుండదు. వానల తరువాత దానికి గొంగళిపురుగులు పట్టును. ఇవి రాత్రి ఆకులను తిని, పగలు మ్రాను మీద గుంపులుగా చేరును. ఆ గుంపు కట్టుటయే మనకు అనుకూలము. పగటివేళ పొడుగు కఱ్ఱకు కట్టిన చీపురుతో వానిని సబ్బునీటి బక్కెటలోనికి రాల్పవచ్చును. చేయి తగులరాదు; దద్దురులు లేచును. ఇవి మట్టిలో గూడు కట్టుకొనును గనుక, మొదటి చుట్టును నేలను త్రవ్వి తిరుగవేసినచో మఱుసటి తరము తగ్గును. పురుగు పట్టినదని చెట్టును కొట్టనక్కరలేదు.

ఇక అసలు చిక్కు ప్రహరీగోడ దగ్గర. చెట్టు మనది, కొమ్మకు మాత్రము గోడ తెలియదు. పొరుగింటి ఇల్లాలు తెల్లవారుజామున వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, కోలము వేయును. పొద్దెక్కునప్పటికి దాని మీద మన వేపాకు పఱచుకొనియుండును. "ఆకు రాల్చినది చెట్టు గాని మేము కాదు గదా" యని మన ఇంటివారు అందురు. ఆ మాట ఒకనాడు చెల్లును, రెండునాళ్ళు చెల్లును. పిదప ఆమె నోట వచ్చు మాట "ఈ చెట్టు" అని గాక "ఈ తెలుగువారు" అని మొదలగును. తరతరములుగా ఇచ్చట స్థిరపడి, ఇరుగుపొరుగుల ఆదరమున బ్రదుకుచున్న మనకు ఇంతకంటె నష్టము వేఱొకటి లేదు. సంఘములు పెట్టి, సభలు జరిపి సంపాదించుకొన్న మంచిపేరు ఒక బుట్టెడు ఆకులతో పోవచ్చును.

కావున మన చెట్టు ఆకు ఎచ్చట పడినను అది మన చెత్తయే. గోడ కావల పడినదానిని కూడ అడిగి, మనమే ఊడ్పించవలెను. ఊడ్చినదానిని వీధి కాలువలోనికి త్రోయరాదు, తగులబెట్టరాదు. కేంద్ర ప్రభుత్వము 2016లో వెలువరించిన ఘనవ్యర్థముల నియమములు ఈ రెంటిని నిషేధించి, తోట చెత్తను ఎవరి ఆవరణలో వారు వేఱుగా ఉంచుకొనవలెనని ఆదేశించినవి. పెరటి మూలను ఒక గుంత తీసి, ఆకులు ఒక పొర, పేడనీరు లేదా మట్టి ఒక పొర వేసి, తడి ఆరకుండ చూచి, అప్పుడప్పుడు తిరుగవేసినచో కొన్ని నెలలలో ఎరువగును. ఎండుటాకులను మొక్కల పాదులలో పఱచినను మే నెల ఎండకు తేమ నిలుచును.

ప్రమాదము మాటకు వత్తుము. 2016 డిసెంబరు 12వ తేదీన వార్ధా తుపాను ఈ నగరము మీద విరుచుకొనిపడినపుడు వేలకొలది చెట్లు కూలినవి. తురాయి వంటి పెళుసు కొమ్మల చెట్లు విశేషముగా పడినవి. మొదటి చుట్టును సిమెంటు పోయుట, గొట్టములకై వేళ్ళను నఱకుట చెట్ల పట్టును సడలించును. మొదట తొఱ్ఱ, కుక్కగొడుగులు, క్రొత్తగా వచ్చిన ఒరుగు, ఎండిన పెద్దకొమ్మ: వీనిలో ఏది కనిపించినను ఆలసింపరాదు. తీగల కానుకొన్న కొమ్మను విద్యుచ్ఛాఖవారిచేతనే తీయింపవలెను. తల మొత్తము నఱికించుట మాత్రము తగదు. అచ్చట మొలచు క్రొత్తకొమ్మలకు బలముండదు. బరువైన కొమ్మను కోయునప్పుడు ముందు అడుగువైపున గాటు పెట్టి, పిదప పైనుండి కోసినచో బెరడు చీలదు. చెట్టునే తీయవలసివచ్చినచో స్థానికాధికారుల నడిగి మఱీ తీయవలెను. కర్ణాటకమున 1976 నాటి చట్టము, మహారాష్ట్రపు పట్టణములలో 1975 నాటి చట్టము సొంత పెరటిలోని చెట్లకు కూడ వర్తించునని అచ్చటి మన బంధువులు గుర్తింపవలెను. కొన్ని జాతులకే మినహాయింపు గలదు.

రావియు మఱ్ఱియు గోడ పగులులో మొలచినచో రెండాకుల నాడే తీయుడు. నాటునప్పుడు గోడకు, తూమునకు, తీగకు దూరముగా నాటుడు.

వేపపూత మన ఉగాది పచ్చడికి కావలెను. కొన్ని దినముల తరువాత వచ్చు తమిళుల సంవత్సరాదికి వారికిని అదే పూత కావలెను. ఆకు ఊడ్చుటకు గోడ దాటిన చేయి, ఆనాడు దోసెడు పూతతో కూడ గోడ దాటవలెనని మా మనవి. అట్టి ఇంటి చెట్టును కొట్టుమని పొరుగువారు అడుగరు. కొట్టవలసివచ్చినను వారును విచారింతురు.

సెలవు.