మూడేళ్ళ లోపు బిడ్డ మెదడు – మన మాట

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ పొదుపులు, రికవరీ, బ్యాంకు లింకేజీ లెక్కలు విన్నారు. మాకిచ్చిన అంశం పిల్లల మెదడు ఎదుగుదల. దీనికీ అప్పు పుస్తకానికీ సంబంధం ఏమిటని అనుకోవద్దు. పిల్లల చదువు కోసం మనం తీసుకునే అప్పులు ఎల్‌కేజీ ఫీజు దగ్గర మొదలవుతాయి. ఆ చదువు మొయ్యాల్సిన మెదడు మాత్రం అప్పటికే చాలావరకు తయారై ఉంటుంది.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో సుమారు నాలుగో వంతు. రెండేళ్ళు నిండేసరికి నాలుగింట మూడు వంతులు దాటుతుంది. ఐదేళ్ళకి 90 శాతం దాకా వస్తుంది. నరాల కణాలు చాలావరకు పుట్టుకతోనే ఉంటాయి. తరువాత పెరిగేది ముఖ్యంగా వాటి మధ్య లంకెలు. బిడ్డ చూసినదీ, విన్నదీ, ముట్టుకున్నదీ ఆ లంకెల్ని గట్టిపరుస్తుంది. పొలం గట్టు చూడండి. రోజూ నడిచే గట్టు దారి అవుతుంది, నడవని గట్టున గడ్డి మొలుస్తుంది. మెదడులోనూ అంతే, వాడని లంకెలు సన్నగిల్లి పోతాయి.

మరి డబ్బున్న ఇళ్ళలోనే ఇదంతా జరుగుతుందా? జమైకా దేశంలో కింగ్‌స్టన్ అనే ఊరి పేద బస్తీల్లో 1986-87లో ఒక పని మొదలుపెట్టారు. వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు. కొందరి ఇళ్ళకి మన ఆశా వర్కర్ల వంటి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి వెళ్ళి, గంటసేపు కూర్చుని, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. బొమ్మలు కొన్నవి కాదు, ఇంట్లో దొరికే వస్తువులతో చేసినవే. రెండేళ్ళు అలా నడిచింది. సుమారు ఇరవై ఏళ్ళ తరువాత చూస్తే, ఆ ఆటపాటలు అందిన పిల్లలు అందని పిల్లలకన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పాలపొడి మాత్రమే ఇచ్చిన పిల్లల్లో ఇంత కాలం నిలిచిన ఫలితం కనబడలేదు. తిండి అక్కర్లేదని దీని అర్థం కాదు. బాలామృతం, గుడ్డు, ఐరన్ మాత్ర వేటినీ వదలకూడదు. రక్తహీనత ఉన్న పిల్లకి ధ్యాస కూడా నిలవదు. తిండితో పాటు మాట కూడా కావాలి, మనం మరిచేది అదే.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఇంకో పరీక్ష చేశాడు. బిడ్డతో నవ్వుతూ ఆడుతున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ ముందు నవ్వింది, చేతులు చాపింది, కేక వేసింది. ఎంతకీ తల్లి పలకకపోయేసరికి ముఖం తిప్పేసుకుంది. రెండు మూడు నిమిషాల్లోనే ఇదంతా. ఫోన్లో మునిగిన మన ముఖం బిడ్డకి ఎలా కనబడుతుందో ఆలోచించండి. అన్నం తినడానికి ఫోన్ ఇచ్చే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. రెండేళ్ళ లోపు అసలు వద్దనీ, ఆపై నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ మాట్లాడుతుంది గానీ బిడ్డ ‘ఊ’ అంటే తిరిగి పలకదు.

ఇది విని తప్పంతా తల్లి మీద వేస్తే మేము ఒప్పుకోం. పొద్దున ఉపాధి పని, సాయంత్రం వంట, రాత్రికి కంతు గురించి దిగులు – ఆమెకి ఓపిక ఎక్కడిది? నాన్న, నాయనమ్మ, పెద్ద పిల్లలు, ఎవరు పలికినా బిడ్డకి చాలు. కాన్పు తరువాత వారాల తరబడి దిగులుగా ఉండి, బిడ్డ మీదకి మనసు పోని తల్లిని ‘పొగరు’ అనకండి. అది వైద్యం ఉన్న జబ్బు. ఆశాకి చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

రెండేళ్ళు నిండినా ‘అమ్మా రా’ అన్నట్టు రెండు మాటలు కలపని బిడ్డ ఉంటే, ‘మా వాళ్ళందరికీ ఆలస్యమే’ అని ఊరుకోవద్దు. ముందు చెవి వినబడుతోందో లేదో చూపించండి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం వస్తుంది. ఆ రోజు కూలి పోయినా బిడ్డని చూపించండి.

మూడేళ్ళతో అంతా అయిపోయిందని బెంగ వద్దు. నుదుటి వెనక ఉండే భాగం, ఆలోచించి నిర్ణయం తీసుకునేది, పాతికేళ్ళ దాకా ముదురుతూనే ఉంటుంది. పదిహేనేళ్ళ కొడుకు విసుర్లకి కొంత కారణం అదే. పదహారేళ్ళ పిల్లకి పెళ్ళి చేద్దామనేవాళ్ళకి కూడా ఈ మాట చెప్పండి.

సంఘం మీటింగులకి చంకన బిడ్డతో వచ్చే సభ్యులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మీటింగు జరిగేంత సేపు ఒక సభ్యురాలు వంతుల వారీగా ఆ పిల్లలతో చాప మీద కూర్చోవాలని మా ప్రతిపాదన. గరిటె, డబ్బా, గుడ్డ బొమ్మ చాలు. నోట్లో పట్టే చిన్న వస్తువులు మాత్రం వద్దు. ఆ వంతు సభ్యురాలికి హాజరు వెయ్యాలి, జరిమానా రాయకూడదు. ముందుగా మొదలుపెట్టే గ్రామ సంఘాలు సాయంత్రం లోపు మా పుస్తకంలో పేరు రాయించండి.