వజ్రము: బరువా, వెలుగా?

వజ్రపు నగ కొనుటకు అంగడికి పోయినవారు మొదట అడుగునది "ఎన్ని కారట్లు?" అని. పిమ్మట అడుగునది "వెల యెంత?" అని. ఈ రెండింటి నడుమ అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు: "ఈ రాయికి సాన యెట్లు పట్టినారు?" దానిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఇది సంపన్నుల ముచ్చట మాత్రమే కాదు. మన డెల్టా గ్రామములలో కూతురి పెండ్లికి ఏడురాళ్ళ దుద్దులు చేయింపవలెనన్న కోరిక సామాన్య గృహస్థులకును గలదు. కొన్ని పంటల మిగులంతయు ఒక్కొక్కప్పుడు చిటికెడు రాళ్ళలో చేరును. కనుక అక్కరకు వచ్చు నాలుగు మాటలు తెలిసికొనుట మంచిది.

ఒకప్పుడు లోకమునకు వజ్రములనిచ్చినది మన కృష్ణాతీరమే. బెజవాడ నుండి హైదరాబాదు పోవు త్రోవలోని పరిటాల, నదికి దక్షిణపు దరినున్న కొల్లూరు గనులకు పేరొందినవి. కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు నీట మునిగియున్నది. 17వ శతాబ్దమున ఆ గనిని స్వయముగా చూచిన ఫ్రాన్సు దేశపు వర్తకుడు తవెర్నియే, 1676లో వెలువడిన తన యాత్రాగ్రంథమున మనదేశపు సానవారి పద్ధతిని వర్ణించెను. రాయి నిర్మలముగా నున్నచో, బరువు తగ్గునను భయముచే వారు దానిని సానకు కొంచెము తాకించి విడుచుచుండిరట. మచ్చయో బీటయో యున్నచో, దానిని మరుగుపరచుటకు పెక్కు పలకలు తీర్చుచుండిరట. బరువే ధనమను ఆ భావము మనలను నేటికిని విడువలేదు.

దీనికి మన గడ్డ రాళ్ళే సమాధానము చెప్పినవి. కొల్లూరున దొరికినదని పలువురు నమ్ము కోహినూరును 1851లో లండను మహాప్రదర్శనమున నుంచగా, దాని కాంతిహీనతను చూచి జనులు నిరాశ చెందిరి. మరుసటి యేడు దానిని మరల సానపట్టించిరి. సుమారు 186 కారట్ల రాయి 105 కారట్లకు దిగెను; వెలుగు మాత్రము పెరిగెను. కృష్ణాతీరపు గనులలోనిదే మరియొక రాయిని మద్రాసు గవర్నరు తామస్ పిట్ 18వ శతాబ్దారంభమున కొనెను. 410 కారట్ల ఆ ముడిరాయి సాన ముగియునప్పటికి ఇంచుమించు 140 కారట్లే మిగిలెను. అయినను 1717లో దానిని ఫ్రాన్సు రాజప్రతినిధి గొప్ప వెలకు కొనెను. రీజెంటు వజ్రమని లోకము కొనియాడునది అదియే.

బరువు పోగొట్టుకొని రాయి వెలుగు నెట్లు పొందును? మీకు తెలిసిన పోలిక చెప్పెదను. చెరువుగట్టు సరిగా నున్నచో నీరు నిలుచును, గండి పడినచో పోవును. వజ్రములోనికి దిగిన వెలుగును అట్లే. అడుగు పలకలు తగిన వాలుగా నున్నచో వెలుగు ఒక వైపు నుండి మరియొక వైపునకు మరలి, పైకి వచ్చి మన కంటిని చేరును. అడుగు మరీ పలుచనైనచో క్రిందినుండి జారిపోవును. మరీ లోతైనచో ప్రక్కలనుండి జారిపోవును. మార్సెల్ టోల్కోవ్స్కీ 1919లో గణితముచే ఈ కొలతలు నిర్ణయించెను. గుండ్రని రవ్వకు అడుగువాలు 41 డిగ్రీలకు కొంచెము తక్కువ, పైవాలు 34న్నర డిగ్రీలు ఉండవలెనని ఆయన లెక్క. నేటి గుండ్రని రవ్వకు సాధారణముగా పైన 33, క్రింద 24, మొత్తము 57 పలకలుండును.

నేనెరిగిన యొక గృహస్థు కూతురి ఉంగరమునకు ఒక కారటు రాయి కొనెను. త్రాసు అబద్ధమాడలేదు. కాని చక్కని సానగల ఒక కారటు గుండ్రని రాయికి సుమారు 6న్నర మిల్లీమీటర్ల వ్యాసముండవలెను; దానికి 6 కూడ లేదు. తక్కిన బరువంతయు అడుగున లోతుగా దాగియున్నది. ఆయన వెల యిచ్చినది కారటునకు. వ్రేలిపై కనబడునది ముప్పాతిక కారటు. పైగా నడుమ మేకుతల వలె నల్లని మచ్చ!

కనుక అంగడిలో ఇట్లు చేయుడు. దుకాణపు దీపముల క్రింద గాజుముక్కయు మెరయును. రాయిని కిటికీ దగ్గరకు తెచ్చి పగటి వెలుగున చూడుడు. మెల్లగా అటునిటు త్రిప్పుడు. వెలుగు, చీకటి ముక్కలు సమముగా మారుచు మెరయవలెను. నడుమ నల్లగా నిలిచిపోయినను, చేపకన్ను వలె బూడిదవన్నె వలయము కనబడినను ఆ రాయిని విడువుడు. పొదగని గుండ్రని రాయియైనచో అచ్చుకాగితముపై బోర్లించుడు. అక్షరములు తేటగా కనబడినచో వెలుగు అడుగునుండి పోవుచున్నదని యర్థము. వ్యాసమును కొలిపించి, అదే బరువుగల రెండు మూడు రాళ్ళను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు.

యోగ్యతాపత్రమును తప్పక అడుగుడు. జి.ఐ.ఏ. వారు 2006 నుండి గుండ్రని రవ్వల సానకు ఎక్సలెంట్ మొదలు పూర్ వరకు అయిదు తరగతులు ఏర్పరచినారు. నగపై హాల్‌మార్కు బంగారపు శుద్ధిని మాత్రమే తెలుపును, రాతిని గూర్చి ఏమియు చెప్పదు. బంగారపు కారటు శుద్ధికి, వజ్రపు కారటు బరువునకు గుర్తు; అయిదు వజ్రపు కారట్లు ఒక గ్రాము. రాయి గనిలోనిదా, ప్రయోగశాలలో పెంచినదా యన్న సంగతిని వ్రాతమూలకముగా తీసికొనుడు. రెండును వజ్రములే గాని వెల వేరు.

దుద్దులకు వెనుక తెరచియున్న కట్టడమే మేలు. వెనుక మూసి మెరుపురేకు పెట్టినచో రాతి గుణము తెలియదు. వజ్రమునకు జిడ్డు సులభముగా అంటును. తలనూనె పట్టిన మంచి రవ్వయు మసకబారును. గోరువెచ్చని సబ్బునీట మెత్తని కుంచెతో కడిగినచో మరల వెలుగును.

చివరకు ఒక మాట. చేతిలోని సొమ్మునకు పెద్ద రాయి, చక్కని సానగల చిన్న రాయి రెండును వచ్చుననుకొనుడు. నన్నడిగినచో చిన్నదానినే కొనుడందును. బరువు చీటిలో మాత్రమే చదువబడును. వెలుగును ఎదుటివారందరును చూతురు. ఇక సెలవు.