వ్యవహారమున అభిప్రాయమా, ప్రమాణమా?

(జల్‌పల్లి వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించిరి. బడిపిల్లలకు శబ్దములును అమరమును వల్లె వేయించుచు వయస్సు గడపిన మాకు న్యాయవాదుల పాండిత్యము లేదు. అయినను తగవులవలన మన కుటుంబములు చెడుట చూచి యూరకుండజాలక విన్నవించుచున్నాము.

2008లో శంషాబాదున విమానాశ్రయము వెలసినది మొదలు ఈ ప్రాంతమున గజము నేలకు వచ్చిన విలువ మీ రెరిగినదే. నేల విలువ పెరిగినకొలది అన్నదమ్ముల నడుమ వాత్సల్యము తరుగుచున్నది. గట్టు తగవు ఠాణా కెక్కును. ఠాణా మాట చేతిఫోను కెక్కును. అచ్చటనే తీర్పు జరిగిపోవును.

మా తప్పునే మొదట చెప్పుకొందుము. కొంతకాలము క్రిందట మన బంధువర్గమున ఇద్దరన్నదమ్ములకు గట్టు విషయమై కలహము కలిగినది. అన్న తమ్మునిపై చేయెత్తిన అరనిమిషపు దృశ్యమొకటి మన వాట్సాప్ గ్రూపున వ్యాపించినది. పలువురు దూషించిరి. మేమును ‘పెద్దరికమునకు తగని పని’ యని వ్రాసితిమి. ఒక ఠాణాలో ఆ యన్నను, ఏ కాగితమును వ్రాయకయే, ఉదయము మొదలు సాయంకాలము వరకు కూర్చుండబెట్టిరి. ‘తప్పు లేనిదే పోలీసులు పట్టుదురా’ యని మనవారే అనిరి. పది దినములకు పూర్తి దృశ్యము బయటపడినది. తమ్ముడు తల్లిపై పార యెత్తగా అడ్డుకొనుటకే అన్న చేయెత్తినాడు! అప్పటికే ఆతని కూతునకు కుదిరిన సంబంధము తప్పిపోయినది. మా వాక్యమును తొలగించితిమి. పోయిన సంబంధము మరల రాలేదు.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారమునకు లిఖితము, భుక్తి, సాక్షులు అను మూడు మానుష ప్రమాణములను చెప్పినది. దాని వ్యాఖ్యయగు మితాక్షరను ఆధారముగా గొని కేతన 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయమును తెనుగున రచించెను. నలుగురి యభిప్రాయ మను ప్రమాణము ఆ మూటిలో లేదు.

లిఖితము మాట. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. అందు పడిన తప్పులు దిద్దించుకొనుటకు పలువురు సివిలు కోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున వచ్చిన భూభారతి అధికారులయొద్ద అప్పీలునకు త్రోవ చూపినది. ఐనను తప్పును నిరూపించునది మీ పెట్టెలోని పాత కాగితమే. ఖాస్రా పహాణీ నకళ్లను, శిస్తు రశీదులను పారవేయకుడు.

ఠాణా మాట. నేల యెవరిదో తేల్చుట సివిలు న్యాయస్థానము పని, పోలీసువారిది కాదు. కొట్లాట జరిగినచో ఫిర్యాదు వ్రాతమూలముగా నిండు. వారంటు లేక పట్టదగిన నేరము వెల్లడియైనచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయక తప్పదని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసున తీర్పు చెప్పినది. ఫిర్యాది కా ప్రతిని ఉచితముగా నియ్యవలెను. అరెస్టు చేసినచో పత్రము వ్రాసి, సాక్షి సంతకము గొని, బంధువునకు తెలుపవలెనని 1996 నాటి డి.కె. బసు తీర్పు. ఠాణాలన్నిట కెమెరా లుంచి, దృశ్యములను 18 నెలలు, కాదేని కనీస మొక సంవత్సరము భద్రపరుపవలెనని 2020లో ఆ న్యాయస్థానమే ఆజ్ఞాపించినది. పోలీసువారందరు చెడ్డవారని మే మనము. ఎండవానలలో నిలిచి కాపాడువారును వారే. నియమ మడుగుట వారిని ద్వేషించుట కాదు.

యంత్రము మాట. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము ఫోను దృశ్యపు నకలును కోర్టున చూపుటకు ధ్రువపత్రము కావలెను. కావున మూలమును చెరుపక దాచుడు; తునుకలు చేసి పంచకుడు.

కార్యవర్గమువారికి రెండు ప్రార్థనలు. ఎవరిపైనను సంఘపు గ్రూపున తీర్పులు వ్రాయరాదని నియమ మేర్పరుపుడు. మన న్యాయవాదులతో చిన్న ఉపసంఘము నిలిపి, రాజీ కాదగిన తగవులను లోక్ అదాలతునకు పంపుడు. అచ్చటి తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

రచ్చబండపై మన పెద్దలు ఇరువాగులు వినినపిదపనే నోరు విప్పెడివారు. రచ్చబండ జేబులోనికి వచ్చినంతనే ఆ మర్యాద పోనేల? తెలియక యొక పిల్లకు కీడు చేసిన ఈ వృద్ధుల మాటను మన్నింపుడని వేడుచు, సెలవు గైకొనుచున్నాము.