మన బిడ్డలకు కాలాలే శత్రువులా?

(దళితవాడ తల్లులు, కూలీల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడినది)



మదనపల్లె టమోటా తోటలకు, పుంగనూరు చేలకు మనం పొద్దు పుట్టకముందే పనికి పోతాం. కుప్పంలో రైలెక్కి బెంగుళూరికి కూలికి పోతాం. ఇంటికాడ బిడ్డను చూసేది అవ్వే. ఈ మాటలు అవ్వలకూ చెప్పండి.

వానాకాలం విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్లిస్తే ఎక్కువవుతాయంటారు. తప్పు. ఒంట్లో నీళ్లు పోయే బిడ్డ చనిపోతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలిపి, కొంచెం కొంచెం తాపండి. తల్లిపాలు ఆపొద్దు. జింకు మాత్రలు 14 దినాలు వేయండి.

చలికాలం దగ్గొస్తే ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి రెండు నెలల్లోపు పసిగుడ్డు 60, ఏడాదిలోపు బిడ్డ 50, అయిదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీసినా, డొక్కలెగరేసినా అది న్యుమోనియా కావచ్చు. తావీదు కట్టి పొద్దు గడపొద్దు. 108కి ఫోన్ చేయండి.

మా పల్లెలో ఒక ఆడబిడ్డ ఇట్లే పోయింది. ఆ రాత్రి ఊర్లో బండి ఉండింది, మన వాడకు రాలేదు. గుంత తవ్వేటప్పుడు "చలిగాలి సోకింది" అనుకున్నాం. చలి ఊరికీ ఉంది, వాడకూ ఉంది. ఊర్లో బిడ్డలు బతికినారు. మరి చంపింది చలేనా?

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి 1915లోనే వచ్చింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకా మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. అట్లాంటి చోట ఉండి మన బిడ్డకు టీకా తప్పితే ఎట్లా? ఈ రాత్రే కార్డు తీసి చూడండి.

ఎండాకాలం బడి మూస్తే మధ్యాహ్నం కూడూ ఆగిపోతుంది. మనం రాగి అంబలి, మజ్జిగ తాపుదాం. కానీ కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని, వంటవాళ్లుగా దళితులకు ముందు అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆరేళ్లలోపు బిడ్డలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని వాడ అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని, ఎస్సీ, ఎస్టీ వాడలను ముందు చూడాలని 2006లో చెప్పింది. రాజ్యాంగం రాసిన బాబాసాహెబ్ బిడ్డలం, అడగడానికి మనకు భయమెందుకు?

రేపు ఇల్లిల్లూ తిరిగి బిడ్డల పేర్లు రాద్దాం. 40 మంది ఉంటే అర్జీ పెడదాం. సంతకం రాని అమ్మ పక్కన మేం కూర్చుంటాం.

జై భీమ్.