మైక్ ఆగిపోయాక వినిపించిన పద్యం

ఈ ఎపిసోడ్ మా ఊరు ఝరాసంగంలో, మా ఇంటి అరుగు మీద కూర్చుని చేస్తున్నా. మధ్యలో కేతకీ సంగమేశ్వర స్వామి గుడి గంట వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఫోన్‌లో వందసార్లు చూసిన కళాకారుణ్ణి మొదటిసారి ఎదురుగా చూస్తే ఎట్లుంటుంది? ఇవాళ్టి ముచ్చట అదే.

నాకు పద్యనాటకాల పిచ్చి ఉంది. నవ్వకండి. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నైట్ షిఫ్టులప్పుడు నిద్ర ఆపుకోవడానికి మొదలైంది. సురభి వాళ్ల 'మాయాబజార్'లో కృష్ణుడి వేషం కట్టే ఒకాయన క్లిప్పులు దొరికాయి. నలభై సెకన్ల పద్యం, లూప్‌లో పెట్టి వినేవాణ్ణి. ఆయన్ని అడగలేదు కాబట్టి పేరు చెప్పట్లేదు.

సురభి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1885లో కడప జిల్లాలోని సురభి అనే ఊళ్లో, వనారస గోవిందరావు గారు 'కీచకవధ' నాటకంతో మొదలుపెట్టారు. అప్పట్నుంచి తరతరాలుగా అవే కుటుంబాలు. వేషం కట్టేదీ వాళ్లే, తెర లాగేదీ వాళ్లే, హార్మోనియం వాయించేదీ వాళ్లే. వాళ్లలో సురభి బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ కూడా వచ్చింది.

మొన్న హైదరాబాద్‌లో నాటకం ఉందని తెలిసి మా తాతను తీసుకెళ్లా. తాతకు డెబ్బై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు చిందు భాగోతం ఆడుతున్నారంటే పక్క ఊరికి నడిచిపోయి తెల్లారేదాకా చూసేవాడట. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోడు. నలుగురిలో కూర్చోవడమే మానేశాడు. "నాకేం ఇనొస్తది బిడ్డా, నువ్వు వొయ్యిరా" అన్నాడు. బతిమాలి బస్సెక్కించా.

హాల్ సగం ఖాళీ. మాకు వెనక వరసలో సీట్లు. తెర లేచింది. నా కృష్ణుడు వచ్చాడు. నేనేం చేశానో తెలుసా? ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టా. ఆరడుగుల మనిషి ఎదురుగా ఉంటే, ఆరంగుళాల స్క్రీన్‌లో చూస్తున్నా. పక్కన తాత తల దించుకుని కూర్చున్నాడు. స్పీకర్లలో గరగర తప్ప ఆయనకేమీ అర్థం కావట్లేదు.

సరిగ్గా నా పద్యం దగ్గర మైక్ పోయింది. సౌండ్ చూసే అబ్బాయి వైర్లు కదుపుతున్నాడు. ఆయన ఆగలేదు. హార్మోనియం వైపు ఒకసారి చూసి, స్టేజీ అంచుకొచ్చి, ఛాతీ నిండా ఊపిరి తీసుకుని రాగం ఎత్తుకున్నాడు. క్లిప్పులో ఆ ఊపిరి ఎప్పుడూ లేదు. ఎవరో కట్ చేసేశారు. పద్యం తర్వాత నిమిషంపైనే సాగే రాగం కూడా కట్టే. అంటే ఇన్నాళ్లూ నేను విన్నది మధ్య ముక్క మాత్రమే!

తాత తలెత్తాడు. నా మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడు ఇనొస్తుందిరా" అన్నాడు. పద్యం అయిపోగానే అందరికంటే ముందు "వన్స్ మోర్" అని అరిచింది మా తాతే. ఆయన నవ్వి, మళ్లీ పాడాడు. రెండోసారి నేను ఫోన్ జేబులో పెట్టేశా.

ఇంటికొచ్చి రికార్డింగ్ విన్నా. పద్యం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. దగ్గరి మాటల కోసం చేసిన ఫోన్ మైక్ అది. దూరం నుంచి వచ్చే గొంతును అణిచి, ఫ్యాన్ చప్పుడును పెంచింది. ఆయన గొంతేమో మైకులు లేని కాలం నుంచి వచ్చిన పద్ధతిలో తయారైంది. పై శ్రుతిలో పాడాలి, చివరి వరసదాకా చేరాలి. ఆ వరసలోనే మా తాత ఉన్నాడు.

నాటకం అయ్యాక థ్యాంక్స్ చెబుదామని వెనక్కి వెళ్లా. కృష్ణుడు కిరీటం తీసేసి, లుంగీ కట్టుకుని, ఇంకొకాయనతో కలిసి రాజభవనం తెర చుట్టచుడుతున్నాడు. నాకు మాట రాలేదు. తెర ఇంకో కొస పట్టుకున్నా, అంతే.

క్లిప్పులు చూడొద్దని చెప్పట్లేదు. నాకు ఆయన దొరికిందే క్లిప్పులో కదా. కానీ మీకు నచ్చిన కళాకారుడు దగ్గర్లో ఆడుతుంటే, టికెట్ కొని వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి. ఆ ఖాళీ సీట్లు మనవే.

తాత రోజూ అడుగుతున్నాడు, "మల్లెప్పుడురా ఆట?" అని. తేదీ తెలియగానే ఇక్కడే చెప్తా. ఉంటా మరి, నమస్తే!