చదరంగపు గింజల సంఖ్య



చదరంగపు గింజల కథ మీరెఱుఁగనిది కాదు. మొదటిగడిలో ఒకగింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి ఇబ్బడిగా 64 గడులను నింపుమని యొక పండితుఁడు రాజు నడిగెనఁట. రాజు నవ్వి సరేయనెను. ధాన్యపుకొట్లన్నియు వట్టివైనను మాట చెల్లలేదు. ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. ఈ యిరువది యంకెలను మన పెద్దలు ఒకట్లస్థానము మొదలుకొని భూతసంఖ్యలతో తెలుఁగుపద్యమునఁ గూర్చి కంఠస్థము చేసిరి. నేఁడు కథను విడిచి, ఈ సంఖ్య కడుపులో నేమున్నదో చూతము.

చివర 5 ఉన్నది గనుక ఇది 5చే భాగింపఁబడును. అంకెలన్నియుఁ గూడిన 87. అది 3చేఁ దెగును గనుక సంఖ్యయుఁ దెగును. తక్కిన భాజకములకు ఒక చిన్నసూత్రము చాలును. ఏడేడులు 49, అందొకటి తీసిన 48, అది ఆఱెనిమిదులు. అనఁగా, ఏ వర్గమునుండి యైనను ఒకటి తీసినచో, మూలమున కొకటి తక్కువయు నొకటి యెక్కువయునగు రెండు సంఖ్యల లబ్ధము మిగులును. మన సంఖ్యకు ఒకటి చేర్చిన 4,29,49,67,296 యొక్క వర్గమగును. దానికి మూలము 65,536, దానికి 256, పిమ్మట 16, 4, 2. కావున సూత్రమును మరల మరల వర్తింపఁజేయఁగా మన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను నాఱింటి లబ్ధమని తేలును.

వీనిలో మొదటి యైదును ప్రధానసంఖ్యలు. అనఁగా ఒకటిచేతను తమచేతను దప్ప నిశ్శేషముగా భాగింపఁబడనివి. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు ఫెర్మా యను మహాగణితజ్ఞుఁడు ఈ వరుసలోనివన్నియుఁ బ్రధానములే యని విశ్వసించెను. నిరూపణము మాత్రము చూపలేదు. 1732లో ఆయిలరు ఆఱవదానిని 641 భాగించునని చూపెను. దాని ప్రధానభాజకమేదైనను 64చే భాగించినచో ఒకటి మిగులవలెనని పిదప నాతఁడే నిరూపించెను. ఆ నియమముచొప్పున 193, 257, 449, 577 పరీక్షింపఁగాఁ దప్పును. ఐదవదగు 641 సరిపడును. లబ్ధము 67,00,417. నేఁటివఱకు ఈ వరుసలో ఆ యైదుగాక వేఱొక ప్రధానసంఖ్య కానరాలేదు.

నేను బడిలో నొక సూత్రమునకు ఐదు ఉదాహరణములు చూపి, ఇఁక సందేహము లేదంటిని. ఒక బాలుఁడు లేచి, "ఆఱవదియు నిట్లేయని యెట్లు తెలియునండీ?" అనెను. కసరి కూర్చుండఁబెట్టితిని. ఆ బాలుఁ డడిగినదే ఆయిలరు అడిగినదని నాకుఁ దరువాతఁ దెలిసెను. అప్పటికి వాఁడు బడి విడిచెను.

మీ యింటి పిల్లలు "ఎందుచేత?" నని యడిగినపుడు కసరకుఁడు. పలక చేతికిచ్చి 67,00,417ను 641చే గుణింపుఁడనుఁడు. మహామహుల మాటయైనను గుణించి చూచుకొనుట అవిధేయత కాదు.

స్వస్తి.